అంచుమడత

మంగళవారం మధ్యాహ్నం ఫోను చచ్చిపోయింది.
పైమూల నాలుగు గీతలూ
దీపం ఊదినట్టు ఒక్కసారే పోయాయి.
సరస్సు మీంచి గాలి లేస్తే కిసుములో ఇది మామూలే కదా అని
కాలర్లు కుట్టుకుంటూ కూర్చున్నాను.
బడులు తెరిచే వారం. నలభై రెండు చొక్కాలు బాకీ.

నేను కాజాలు తీస్తున్న ఆ గంటలోనే
నైరోబీలో ఏదో కౌంటరు ముందు
నేనే నిలబడి ఉన్నానట.
పేరు చెప్పానట, పుట్టిన తేదీ చెప్పానట,
గుర్తింపు కార్డు అంకెలు తడుముకోకుండా అప్పజెప్పానట.
సిమ్ పోయిందని కొత్తది అడిగి పుచ్చుకున్నానట.
పొద్దు గూకేలోపు
పదకొండు వేల షిల్లింగులు ఊడ్చేశాను.
చాలక, ముప్ఫై వేలు అప్పు కూడా చేశాను.
"మీరే వచ్చి తీసుకున్నారమ్మా" అంది ఆఫీసులో పిల్ల,
తెర మీద ఉన్న నన్ను చూస్తూ,
ఎదురుగా ఉన్న నన్ను చూడకుండా.

నా పేరు అకోత్.
మా లువో వాళ్ళలో పేరంటేనే సగం జాతకం.
వానలో పుట్టాను, వాన పేరు పెట్టారు.
మిగతా సగం నేనే చెప్పాను.
కిందటి నెల ఒకడు ఫోన్ చేశాడు, మా భాషలో,
మా రేవు యాసలో,
"తిన్నావా అమ్మా" అని మొదలుపెట్టి.
పొద్దుటినుంచి ఆ మాట నన్నెవరూ అడగలేదు.
పార్సెలు వచ్చింది, వివరాలు సరిచూడాలన్నాడు.
అడిగిందానికల్లా జవాబిచ్చాను.
అంతకు ముందు ఫోన్లో ఏదో ఆట:
మీ అమ్మ పేరు కొట్టండి, మీరే పువ్వో చెబుతాం.
మందారాన్నని తేలింది.
ఎంత మురిసిపోయానో.

పోయిందాంట్లో సగం నాది కాదు, చీటీ డబ్బు.
పదహారుమంది ఆడవాళ్ళం, లెక్క నా చేతిలో.
మూడు రాత్రులు సాకులు అల్లాను, మెషీను విరిగిందని, ఆస్పత్రి అని.
శనివారం చర్చి వరండాలో నోరు తెరిస్తే
నిజమే వచ్చింది.
ఎవరూ ఉలకలేదు.
చేపలు వేయించే రిస్పా మాత్రం
చేతి నూనె లేసో కొంగుకి తుడుచుకుంటూ
"నాకు పోయినేడే అయింది.
మా ఆయనకి కూడా చెప్పలేదు" అంది.
తర్వాత ఇంకో చెయ్యి లేచింది. ఇంకోటి.
మొత్తం ఐదుగురం.
దాచుకోవలసింది చెప్పేశాం,
చెప్పుకోవలసింది దాచుకున్నాం.

ఫోన్ల కొట్లో అపియో, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు,
నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించింది.
తొందరపెట్టేవాడికి నిదానం చూపించు.
వచ్చిన ఫోను పెట్టేసి, నీకు తెలిసిన నంబరుకి నువ్వే చెయ్యి.
ఆరంకెలు వస్తే అవి నీ పళ్ళు, ఊడబీకి ఎవరి చేతిలోనూ పెట్టకు.
ఇంక మెషీను "మీ అమ్మ పేరేంటి" అంటే
నిజం చెప్పకు, ఆంటీ.

మిషన్ బళ్ళో అబద్ధానికి
కణుపుల మీద స్కేలు దెబ్బలు తిన్నదాన్ని.
యాభై మూడో ఏట అబద్ధం నేర్చుకున్నాను.
అమ్మకి వేరే పేరు పెట్టాను.
పుట్టింది మంచు కురిసే ఊళ్ళో అన్నాను.
మొదట పెంచుకున్న జంతువు: మొసలి.
ఇప్పుడు రాత్రి మెషీను మీద గుడ్డ కప్పాక
ఆ లేని అమ్మ వచ్చి గడప దగ్గర కూర్చుంటుంది,
భుజాల మీది మంచు దులుపుకుంటూ.
ఉన్న అమ్మ లోపలెక్కడో
తన పేరు తనే కప్పుకుని నిద్రపోతుంది.

ఇన్ని అబద్ధాలు గుర్తుండవు కదా.
కాగితం మీద రాస్తే ఎవరి కంటైనా పడుతుంది.
అందుకని కొట్లో, వెనక వరసలో,
ఎవరూ కొనని ఆకుపచ్చ స్కర్టు
అంచుమడత లోపల, గొలుసుకుట్టుతో,
ఒక్కో అక్షరం

ఆగండి.
మీరెవరు?
ఇందాకటినుంచి ఇంత ఓపిగ్గా
ఊ కొడుతున్నారు.

ఆకుపచ్చ కాదు.
స్కర్టూ కాదు.